జెలోతే: అభిమాని అను ఒక మాట చరిత్ర

లూకా 6:15లోను, అపొస్తలుల కార్యములు 1:13లోను పన్నెండుమంది శిష్యుల పట్టిక చదువునప్పుడు సీమోను పేరు దగ్గర 'జెలోతే' అను మాట మనకు తగులుతుంది. మన తెలుగు బైబిలు ఆ మాటను అనువదించక గ్రీకు శబ్దమునే తెలుగు అక్షరములలో వ్రాసి విడిచిపెట్టినది. అందువలన గ్రామ సంఘములలో కొందరు అది సీమోను ఇంటిపేరనియు, కొందరు అతని ఊరి పేరనియు అనుకొనుచున్నారు. "జెలోతే అంటే ఏ దేశమండీ, అయ్యగారూ?" అని మమ్మును అడిగినవారు ఒకరిద్దరు కాదు. మత్తయి 10:4, మార్కు 3:18 తీసి చూచినచో చిక్కు మరి కొంచెము పెరుగుతుంది. అక్కడ అదే సీమోను 'కనానీయుడు' అయ్యాడు. కనానీయుడనగా యెహోషువ కాలమున ఆ దేశములో ఉన్న అన్యజనుడని మన విశ్వాసులకు తెలుసు. అటువంటివాడు పన్నెండుమందిలోనికి ఎట్లు వచ్చెనన్న ప్రశ్నకు సంఘకాపరి జవాబు చెప్పవలసి వస్తుంది.

నిజమునకు ఈ రెండును ఒకే మాట. ఒకటి గ్రీకు, మరొకటి అరామిక్. గ్రీకులో జేలోతేస్ అనగా ఒక వ్యక్తిని గాని, ఒక గుణమును గాని, ఒక మార్గమును గాని చూచి హృదయపూర్వకముగా మెచ్చి, దాని వెంట పోవువాడు. నేటి తెలుగులో దీనికి మిక్కిలి దగ్గరగా వచ్చు మాట 'అభిమాని'. ఈ మాట గ్రీకు విద్యాశాలలలో పుట్టి పెరిగి, యూదుల చేతిలో మరొక రూపము పొంది, చివరకు యెరూషలేము దేవాలయములో కత్తి పట్టిన ఒక పక్షమునకు పేరుగా నిలిచినది. ఈ ప్రయాణమును తెలిసికొనకుండ సీమోనును గూర్చి ప్రసంగించుట వలన మన బల్లల మీద కొన్ని చారిత్రక పొరపాట్లు స్థిరపడినవి. వాటిని పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

గ్రీకుల వాడుక

జేలోతేస్ అను నామవాచకము జేలోస్ అను మాట నుండి వచ్చినది. జేలోస్‌ను గూర్చి స్పష్టమైన వివరణ మనకు అరిస్టాటిలు వ్రాసిన అలంకారశాస్త్ర గ్రంథము రెండవ భాగము, పదునొకండవ అధ్యాయములో దొరుకుతుంది. తనవంటివాడు ఒకడు గౌరవనీయమైన మేలును కలిగియుండగా చూచినప్పుడు మనస్సులో కలుగు ఒక విధమైన బాధయే జేలోస్ అని అతడు చెబుతాడు. ఆ మేలు ఎదుటివానికి ఉన్నదని కాదు ఈ బాధ, తనకు లేదని. అసూయ అయితే వేరు. అసూయపరుడు పొరుగువాని మేలును ఎట్లు పోగొట్టవలెనా అని చూస్తాడు. జేలోస్ గలవాడు ఆ మేలును తాను కూడ పొందుటకు తన్ను సిద్ధపరచుకొంటాడు. కాబట్టి అది మంచివారికి తగిన మంచి భావమని అరిస్టాటిలు తీర్పు. చదువుకొను పిల్లవాడు తన గురువును చూచి, 'నేను ఇట్లు కావలెను' అనుకొనునప్పుడు అతని లోపల కదలునది ఇదే.

ప్లేటో వ్రాసిన ప్రొతగోరస్ సంభాషణలో సోక్రతీసు ఏడుగురు జ్ఞానులను వరుసగా పేర్కొని, వారందరు స్పార్తా విద్యకు అభిమానులు, ప్రేమికులు, శిష్యులు అని మూడు మాటలు కలిపి చెబుతాడు. వీటిలో మొదటిది జేలోతేస్, మూడవది మన సువార్తలలో 'శిష్యుడు' అని అనువదింపబడిన మథేతేస్. దీనిని వేదాంత విద్యార్థులు ప్రత్యేకముగా గమనించవలెను. సువార్తలు వ్రాయబడుటకు నాలుగు వందల సంవత్సరములకు పైగా ముందే అభిమాని, శిష్యుడు అను మాటలు గ్రీకులో పక్కపక్కనే కూర్చున్నవి.

పండితుల గ్రంథములలోనే గాక పట్టణ శాసనములలో కూడ ఈ మాట కనబడుతుంది. క్రీ.పూ. రెండవ శతాబ్దములో సెస్తు పట్టణము మేనా అను ఒక ఉపకారిని గౌరవించుచు చెక్కించిన శాసనములో, యౌవనులు శ్రేష్ఠమైనవాటికి జేలోతేస్‌లు కావలెనన్న ఉద్దేశము వ్రాయబడినది. ఒకనిని ఘనపరచుట దేనికి? పదిమంది అతనివలె కావలెనని. తీతు 2:14లో క్రీస్తు తన కొరకు సిద్ధపరచుకొను ప్రజలను పౌలు సత్క్రియలకు జేలోతేస్‌లుగా వర్ణించినప్పుడు క్రేతులోని శ్రోతలకు ఇది క్రొత్త మాట కాదు. రాతి పలకల మీద వారు ఇటువంటి మాటలు చదివియుంటారు.

ఇక్కడ ఒక మాట. డెన్మార్కు దేశపు తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ 1850లో ప్రచురించిన 'క్రైస్తవ్యములో అభ్యాసము' అను గ్రంథములో అభిమానిని, వెంబడించువానిని రెండు వేరు జాతులుగా నిలబెట్టాడు. అతని దృష్టిలో అభిమాని దూరముగా నిలిచి మెచ్చుకొంటాడు, తన జీవితమును ముట్టనీయడు. ఈ భేదము ప్రసంగములలో విరివిగా వాడబడుచున్నది, ఉపయోగకరమైనదే. అయితే దానిని క్రొత్త నిబంధన గ్రీకులోనికి తీసికొని పోరాదు. జేలోతేస్ దూరముగా నిలుచువాడు కానే కాడు. అతనితో వచ్చు చిక్కు దానికి సరిగా ఎదురుదిశలో ఉన్నది: అతడు మరీ దగ్గరగా వస్తాడు.

యూదుల చేతిలో మారిన మాట

క్రీ.పూ. మూడవ శతాబ్దములో అలెగ్జాండ్రియాలో ధర్మశాస్త్రమును గ్రీకులోనికి మార్చిన యూదులకు ఒక కష్టము వచ్చినది. నిర్గమకాండము 20:5లో దేవుడు తన్ను గూర్చి 'కన్నా' అను హెబ్రీ విశేషణము వాడుకొన్నాడు. తనకు చెందినదానిని మరొకరి పాలు కానియ్యని తీవ్రభావము దాని అర్థము. దీనికి వారు ఎన్నుకొన్న గ్రీకు మాట జేలోతేస్. నిర్గమకాండము 34:14, ద్వితీయోపదేశకాండము 4:24, 5:9, 6:15లలో కూడ అదే మాట. గ్రీకులో శిష్యునికి, అభిమానికి వాడబడిన మాట ఈ విధముగా దేవుని బిరుదు అయినది. అరిస్టాటిలు చదివిన గ్రీసు దేశస్థునికి ఇది వింతగా తోచియుండును. దేవుడు ఎవరిని చూచి మెచ్చి ఎవరి వెంట పోతాడు?

మన తెలుగు అనువాదకులు ఇక్కడ వాడిన మాట 'రోషము'. ఇది మంచి ఎంపిక అని మా అభిప్రాయము. తెలుగులో రోషము కోపమే గాక మానమును కూడ సూచిస్తుంది. రోషము లేనివాడని ఒకనిని అన్నచో అది తిట్టు. హోరేబు దగ్గర ఏలీయా తన్ను గూర్చి చెప్పుకొన్న మాటకు కూడ (1 రాజులు 19:10) తెలుగులో రోషమే వాడబడినది. హెబ్రీలో రెండు చోట్ల ఉన్నది ఒకే ధాతువు గనుక తెలుగు పాఠకునికి ఆ సంబంధము దక్కినది.

దేవుడు రోషముగలవాడైతే దేవుని పక్షముగా రోషపడు మనుష్యుడు కూడ ఉంటాడు. సంఖ్యాకాండము 25లో ఫీనెహాసు ఈటెతో ఇద్దరిని పొడిచి చంపి తెగులును ఆపుతాడు. 106వ కీర్తన ఆ పని అతనికి నీతిగా ఎంచబడినదని చెబుతుంది. క్రీ.పూ. 167 ప్రాంతములో మోదీను గ్రామములో యాజకుడైన మత్తతియా విగ్రహార్పణ చేయవచ్చిన ఒక యూదుని, దానిని చేయింపవచ్చిన రాజోద్యోగిని బలిపీఠము దగ్గరనే చంపాడు. మక్కబీయుల మొదటి గ్రంథము రెండవ అధ్యాయము ఈ సంగతి చెప్పుచు ఫీనెహాసును పేరు పెట్టి తలంచుకొంటుంది. మక్కబీయుల నాలుగవ గ్రంథము అయితే ఫీనెహాసును ఏకముగా జేలోతేస్ అని పిలుస్తుంది. మొదటి శతాబ్దపు ఫిలో, ప్రమాణభంగము చేయువారిని విడువని ధర్మశాస్త్ర జేలోతేస్‌లు వేలమంది ఉన్నారని, వారు పితరుల ఆచారములకు కావలివారని, కనికరము లేనివారని వ్రాశాడు. మిష్నాలో కూడ (సన్హెద్రిన్ 9:6) కొన్ని దోషములకు న్యాయసభ అక్కర లేకుండ 'కన్నాయిములు' మీదపడి కొట్టవచ్చునన్న నియమము నిలిచియున్నది.

ఇంతవరకు చదివి, యూదులలో ఈ మాట అనగానే కత్తియే అని తీర్మానించుట తొందరపాటు. మక్కబీయుల రెండవ గ్రంథము 4:2లో ప్రధానయాజకుడైన ఓనియాను పట్టణమునకు ఉపకారి, స్వజనులకు సంరక్షకుడు, ధర్మశాస్త్రమునకు జేలోతేస్ అని ఒక్క ఊపిరిలో వర్ణించినారు. ఓనియా ఎవరినీ చంపలేదు, తానే చంపబడ్డాడు. కాబట్టి క్రీస్తు పుట్టుటకు ముందే ఈ మాటలో రెండు స్వరములు కలిసియున్నవి: గ్రీకు అభిమాని, ఫీనెహాసు వారసుడు. ఏ వాక్యములో ఏ స్వరము పలుకుచున్నదో సందర్భము చూచి తీరవలెను.

యోసేపస్ చెప్పినదేమి?

యోసేపస్ తన ఆత్మకథలో చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాడు. పదునారవ ఏట యూదుల మూడు తెగలను పరీక్షించి చూచిన తరువాత, అరణ్యములో చెట్ల నుండి దొరికిన వస్త్రము ధరించి, తానుగా మొలచిన ఆహారము తిని, పవిత్రత కొరకు రాత్రింబగళ్లు చల్లని నీటిలో మునుగుచుండిన బన్ను అను తపస్వి దగ్గరకు పోయి, అతనికి జేలోతేస్ అయి మూడేండ్లు గడిపెనట. అది క్రీ.శ. 53-56 ప్రాంతము. ఇక్కడ ఈ మాటకు భక్తిగల శిష్యుడు, అభిమాని అనుటకు మించి మరొక అర్థము లేదు. కత్తితో పని లేదు, రోమాతో పని లేదు.

అదే యోసేపస్ యూదుల యుద్ధ చరిత్రలో ఇదే మాటను ఒక పక్షమునకు పేరుగా వాడాడు. ఎక్కడ మొదలుపెట్టాడన్నదే ప్రశ్న. క్రీ.శ. 66లో గలిలయుడైన యూదా వంశములోని మెనాహేము మస్సాదాలోని హేరోదు ఆయుధశాలను కొల్లగొట్టి, యెరూషలేమునకు రాజువలె వచ్చి, రాజవస్త్రము ధరించి ఆరాధనకు దేవాలయమునకు వెళ్లునప్పుడు, అతని వెంట ఆయుధములు ధరించిన జేలోతేస్‌లు ఉండిరని రెండవ భాగములో వ్రాశాడు. వీరు జెలోతే పక్షమువారా, లేక మెనాహేము వీరాభిమానులా? వాక్యనిర్మాణము రెండవ అర్థమునకే ఎక్కువగా ఒగ్గుచున్నదని మాకు తోచుచున్నది. అదే భాగములో సీమోను కుమారుడైన ఎలియాజరును గూర్చి చెప్పుచు, అతని క్రిందనున్న జేలోతేస్‌లు అంగరక్షకులవలె నడుచుకొనుచుండిరి గనుక ప్రజలు అతనికి అధికారము అప్పగింపలేదని అంటాడు. ఇక్కడ కూడ అదే సందిగ్ధము. నాయకుని చుట్టు గుంపుకట్టి దారి తొలగించు అభిమానులను చూచిన తెలుగువారికి ఈ చిత్రము సులభముగా అర్థమగును.

పక్షము పేరుగా ఈ మాట నిస్సందేహముగా స్థిరపడినది 67-68 చలికాలపు సంగతులు చెప్పు నాలుగవ భాగములో. గలిలయ, యూదయ గ్రామముల నుండి రోమా సైన్యము తరుముకొని రాగా యెరూషలేము చేరిన సాయుధుల గుంపులు దేవాలయమును పట్టుకొన్నవి. ప్రధానయాజకుని చీట్లు వేసి ఎన్నుకొన్నారు. చీటి ఫన్ని అను పల్లెటూరి మనుష్యుని మీద పడినది. పాత ప్రధానయాజకుడైన అనాను వారిని ఎదిరించగా ఇదూమీయులను పట్టణములోనికి రప్పించి అతనిని చంపించిరి. వీరు తమకు తామే జెలోతేలని పేరు పెట్టుకొన్నారనియు, మంచి పనులకు అభిమానులమన్నట్లు ఆ పేరు తీసికొని చెడ్డవాటిలో అందరిని మించిపోయిరనియు యోసేపస్ ఎగతాళి చేస్తాడు. పాఠకునికి జేలోతేస్ అంటే మంచి మాటగా తెలిసియుంటేనే ఆ ఎగతాళి పండుతుంది. 70లో తీతు ముట్టడి వేసిన నాటికి ఈ పక్షములో 2,400 మంది ఉన్నారని అతని లెక్క. పదివేలమందిని నడిపిన గియోరా కుమారుడైన సీమోనుతో పోల్చినచో ఇది చిన్న గుంపు. మరియొక సంగతి: మస్సాదా కొండ మీద చివరివరకు నిలిచినవారిని జెలోతేలని మన పుస్తకములలో తరచుగా వ్రాస్తున్నారు. యోసేపస్ వారిని సికారీలు అంటాడు. వారు వేరు, వీరు వేరు.

క్రీ.శ. 6లో జనసంఖ్య సమయమున తిరుగుబాటు చేసిన గలిలయుడైన యూదా (అపొ. కార్య. 5:37) స్థాపించినదానిని యోసేపస్ 'నాలుగవ తత్త్వము' అన్నాడు గాని ఎక్కడను జెలోతే పక్షమని అనలేదు. క్రీ.శ. 6 నుండి 66 వరకు గల అరువది సంవత్సరములలో ఆ పేరుతో ఒక పక్షము ఉన్నదని అతని రచనలలో లేదు. ఈ విషయమును కిర్సప్ లేక్ 1917లోనే వ్రాశాడు. మార్టిన్ హెంగెల్ 1961లో ప్రచురించిన మహాగ్రంథములో యూదా మొదలు మస్సాదా వరకు ఒకే ఉద్యమము సాగెనని వాదించాడు. ఎస్.జి.ఎఫ్. బ్రాండన్ 1967లో యేసు ప్రభువునే ఆ ఉద్యమమునకు సన్నిహితునిగా చిత్రించాడు. 1971లో మోర్టన్ స్మిత్, ఆ తరువాత రిచర్డ్ హోర్స్లీ ఆధారములను మరల తూచి, 67కు ముందు జెలోతే పక్షము లేదని తేల్చిరి. హెంగెల్ గారి పాండిత్యమునకు మేము తల వంచుచున్నాము. రోషమును గూర్చిన వేదాంతము మీద ఆయన వ్రాసిన అధ్యాయములకు సాటి లేదు. అయినను పక్షము పేరు విషయములో స్మిత్ మాటయే యోసేపస్ రాసినదానికి దగ్గరగా ఉన్నది.

సీమోను ఎవరు?

ఇప్పుడు మన ప్రసంగములకు వత్తుము. సుంకరియైన మత్తయి రోమా ప్రభుత్వపు నౌకరు, సీమోను రోమా వారిని చంపు ఉగ్రవాది, ఈ ఇద్దరిని ప్రభువు ఒకే బల్ల దగ్గర కూర్చుండబెట్టెను అన్న ప్రసంగాంశము మన మధ్య మిక్కిలి ప్రియమైనది. సమాధానమును గూర్చిన కూటములలో ఇది వినబడని సంవత్సరము లేదు. వినుటకు చక్కగానే ఉంటుంది. అయితే దీనిలోని రెండు పక్షములును బలహీనమైనవే. కపెర్నహూము హేరోదు అంతిప పాలనలో ఉన్నది, క్రీ.శ. 39 వరకు గలిలయ రోమా గవర్నరు చేతిలో లేదు. మత్తయి వసూలు చేసిన సుంకము మొదట చేరునది అంతిప ఖజానాకు. ఇక సీమోనును శిష్యునిగా పిలిచిన కాలమునకు జెలోతే పక్షమే పుట్టలేదు. లేని పక్షములో అతడు సభ్యుడు ఎట్లు కాగలడు?

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరము ఉన్నది. లూకా తన సువార్తను 70 తరువాత వ్రాసియుంటే అతని పాఠకులకు జేలోతేస్ అనగానే దేవాలయపు పక్షము గుర్తుకు రాదా? రావచ్చును. అయితే లూకా ఈ మాటను ఎట్లు వాడుచున్నాడో అతని గ్రంథమే చెబుతుంది. అపొస్తలుల కార్యములు 21:20లో యెరూషలేములోని వేలకొలది విశ్వాసులైన యూదులు ధర్మశాస్త్రమునకు జేలోతేస్‌లు. 22:3లో పౌలు తన పూర్వస్థితిని చెప్పుచు తాను దేవునికి జేలోతేస్‌నని అంటాడు. ఈ రెండు చోట్ల తెలుగులో 'ఆసక్తి' అనువదింపబడినది. ఎవరును ఇక్కడ రహస్య పక్షమును ఊహింపరు. అదే గ్రంథములో మొదటి అధ్యాయమందు మాత్రము పక్షము పేరుగా ఎందుకు తీసికొనవలెను?

మత్తయి, మార్కులలోని 'కనానీయుడు' ఎట్లు వచ్చినదో కూడ చెప్పవలెను. ప్రాచీన ప్రతులలో ఉన్నది 'కననాయొస్'. అరామిక్ మాట 'కన్ఆనా'కు గ్రీకు తొడుగు, అర్థము జేలోతేస్ యొక్క అర్థమే. తరువాతి ప్రతులలో ఇది 'కననీతేస్' అయినది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదము దీని నుండి కనాను దేశస్థుడని చేసినది. జెరోము అయితే కానా ఊరివాడనుకొన్నాడు. మత్తయి 15:22లోని కనాను స్త్రీకి గ్రీకులో వాడిన మాట మొదటి అక్షరములోనే వేరుగా ఉన్నది. తెలుగులో రెండు మాటలు ఒకే రూపములో పడుట వలన సీమోను అన్యజనుడన్న అపోహకు చోటు కలిగినది.

మరి సీమోను ఎవరు? పన్నెండుమందిలో ఇద్దరు సీమోనులు ఉన్నారు. ఒకనికి ప్రభువు పేతురని పేరు పెట్టాడు. రెండవవానిని గుర్తుపట్టుటకు ఇరుగుపొరుగువారో, తోటి శిష్యులో పెట్టిన పేరు ఇది. ఫీనెహాసు తరహా మనుష్యుడు, ధర్మశాస్త్రము విషయములో రాజీ పడనివాడు అయియుండవచ్చును. అట్టివాడు సుంకరితోను పాపులతోను ప్రభువు భోజనమునకు కూర్చుండుట చూచి ఎంత నలిగియుండునో ఆలోచించుడి. మత్తయికి సీమోనుకు మధ్య గల దూరము రోమా రాజకీయముది అని చెప్పుటకన్న పవిత్రత విషయమైనది అని చెప్పుట చరిత్రకు దగ్గరగా ఉంటుంది. మా దృష్టిలో ఇది మరింత లోతైన ప్రసంగాంశము కూడ. మాల మాదిగ భేదములు ఒకే ఊరిలో రెండు సంఘములను, రెండు సమాధి స్థలములను నిలిపిన చోట్ల బోధించువారికి పవిత్రతను గూర్చిన రోషము అంటే ఏమిటో వివరించి చెప్పనక్కర లేదు.

పౌలు: ఒక జేలోతేస్ కథ

క్రొత్త నిబంధనలో జేలోతేస్ ఎనిమిది సార్లు వస్తుంది. ఇందులో మూడు పౌలు జీవితమునకు సంబంధించినవి లేక అతని పత్రికలలో తన్ను గూర్చి, తన సంఘమును గూర్చి చెప్పినవి. గలతీయులకు 1:14లో పితరుల పారంపర్యమునకు తాను మిక్కుటమైన జేలోతేస్‌నని వ్రాశాడు. ఫిలిప్పీయులకు 3:6లో ఆ జేలోస్ కొలతగా చూపినది సంఘమును హింసించుటనే. ఫీనెహాసు ఈటెను ఎందుకు పట్టుకొనెనో సౌలు దమస్కు పత్రికలను అందుకే పట్టుకొన్నాడు. ఇది తెలిసినప్పుడు రోమా 4లోని ఒక విషయము క్రొత్తగా కనబడుతుంది. నీతిగా ఎంచబడినదన్న మాట పాత నిబంధనలో అబ్రాహాము విశ్వాసమును గూర్చి ఒకసారి (ఆది 15:6), ఫీనెహాసు రోషమును గూర్చి ఒకసారి (కీర్తన 106:31) ఉన్నది. ఒకప్పుడు రెండవ దారిలో నడిచిన పౌలు రోమీయులకు వ్రాయునప్పుడు మొదటి సాక్షినే పిలిచాడు. రెండవవాని పేరు ఎత్తలేదు. ఈ మౌనము యాదృచ్ఛికమని మేము అనుకొనము.

అయినను పౌలు ఆ మాటను పారవేయలేదు. కొరింథీయులకు మొదటి పత్రిక 14:12లో ఆత్మవరములకు జేలోతేస్‌లైన సంఘమును క్షేమాభివృద్ధి వైపు త్రిప్పుతాడు. అదే పత్రిక 3:3లో జేలోస్ కలహమునకు జంటగా వస్తుంది. తెలుగులో అక్కడ అసూయ అయినది. 13:4లో ప్రేమ చేయని పనులలో అది ఒకటి; తెలుగులో మత్సరము. ఒకే గ్రీకు కుటుంబము తెలుగులో రోషము, ఆసక్తి, అసూయ, మత్సరము అని నాలుగు ఇండ్లలో కాపురమున్నది. అనువాదకులను తప్పుపట్టుటకు వీలు లేదు, సందర్భము అట్లు కోరినది. ఇంగ్లీషులో కూడ ఆసక్తికి, అసూయకు వాడు రెండు మాటలు ఇదే గ్రీకు మూలము నుండి చీలినవి. అయితే తెలుగు మాత్రమే చదువు కాపరికి ఇవి అన్నదమ్ములని తెలియదు. కొరింథులోని వరాసక్తి, కొరింథులోని అసూయ ఒకే పొయ్యి మంట అన్న సంగతి అతని కంటబడదు. తీతు 2:14, 1 పేతురు 3:13లలో మాత్రము మాట మంచి అర్థములోనే నిలిచినది. పేతురు వచనములో కొన్ని ప్రతులు జేలోతేస్‌కు బదులు 'పోలి నడుచుకొనువారు' అన్న మాట చూపుచున్నవి. ప్రతిని వ్రాసినవారికి అభిమాని, అనుకరించువాడు ఎంత దగ్గరగా కనబడిరో దీనిని బట్టి తెలియుచున్నది.

అన్నిటికంటె సూక్ష్మమైనది గలతీయులకు 4:17. ఇక్కడ నామవాచకము లేదు, క్రియ ఉన్నది. సంఘములో చేరిన బోధకులు విశ్వాసుల వెంటబడుచున్నారు, మంచి ఉద్దేశముతో కాదు. వారిని వెలిగా ఉంచి, వారు తిరిగి తమ వెంటబడునట్లు చేయవలెనని. పౌలు రెండుసార్లు వాడినది జేలోస్ క్రియనే. అభిమానులను తయారుచేయు పద్ధతి ఒక్క వచనములో బయటపడినది: మొదట మనుష్యుని పొగడవలెను, తరువాత తలుపు వేయవలెను, అప్పుడు అతడు తలుపు తట్టుచు మన చుట్టు తిరుగును. సువార్త సభల గోడపత్రికలలో బోధకుని ముఖము ప్రభువు పేరుకంటె ఎన్ని రెట్లు పెద్దదిగా ఉన్నదో చూచినవారికి వ్యాఖ్యానము అక్కర లేదు.

ఆదిసంఘము ఈ ప్రమాదమును మరువలేదు. క్రీ.శ. 96 ప్రాంతములో రోమా సంఘము కొరింథు సంఘమునకు వ్రాసిన పత్రికలో (క్లెమెంతు మొదటి పత్రిక) కయీను మొదలుకొని పేతురు పౌలుల మరణముల వరకు అన్నిటికి కారణము జేలోస్ అని అధ్యాయముల కొలది చెప్పబడినది. అదే పత్రిక 45వ అధ్యాయములో రక్షణకు సంబంధించిన విషయములలో జేలోతేస్‌లై యుండుడని హెచ్చరిక ఉన్నది.

తెలుగు మాట

'అభిమాని' అను మాటకు కూడ ఇటువంటి చరిత్రయే ఉన్నది. సంస్కృతములో అభిమానము మొదట అహంకారము. సాంఖ్యకారిక 24వ శ్లోకము అహంకారమునకు ఇచ్చిన నిర్వచనమే అభిమానము. వేదాంత గ్రంథములలో ఒక వస్తువుతో తన్ను ఏకముగా భావించుకొనునది దానికి అభిమాని: అగ్నికి అభిమాని దేవత, దేహమునకు అభిమాని జీవుడు. 'ఇది నాది, ఇది నేను' అన్న భావము దీని వేరు. తెలుగునకు వచ్చిన తరువాత ఈ మాట గర్వమును పూర్తిగా విడువక ఆత్మగౌరవమైనది, ప్రేమ అయినది. అభిమానము చంపుకొని అప్పు అడిగెనన్నప్పుడు అది మానము. మా మీద అభిమానముంచి వచ్చితిరన్నప్పుడు అది ప్రేమ. కులాభిమానము, దురభిమానము అన్నప్పుడు పాత గర్వము మరల తల ఎత్తుతుంది. దుర్యోధనుని మనవారు అభిమానధనుడన్నారు. ఆ బిరుదులో మెప్పు ఎంత, నింద ఎంత అని తూచుట కష్టము. సినిమా వచ్చిన తరువాత అభిమాని అనగా నటుని వాడు, అభిమాన సంఘము, పెద్ద బొమ్మకు పాలాభిషేకము. 'మా హీరో' అనుటలోని 'మా' ఆ పాత వేదాంతపు అభిమానమే.

జేలోతేస్ కూడ అంతే. దేవుడు ఇశ్రాయేలును 'నా ప్రజ' అన్నప్పుడు ఆ మాటలో ఉన్నది రోషము. మనుష్యుడు 'నా దేవుడు, నా ధర్మశాస్త్రము' అని ఇతరుని మీద చెయ్యి ఎత్తినప్పుడు ఉన్నదియు అదే మాట. కొరింథులో నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అనిన గుంపులకు పౌలు ఇచ్చిన జవాబులో (1 కొరింథీ 3:21-23) ఈ స్వాధీనపు మాట తలక్రిందులు చేయబడినది: పౌలు, అపొల్లో, కేఫా సంఘమునకు చెందినవారు, సంఘము క్రీస్తుది. నాయకుడు అభిమానుల సొత్తు అయ్యాడు. అభిమానులు నాయకుని సొత్తు కాలేదు.

లూకా 6:15ను ఎట్లు అనువదింపవలెనన్న ప్రశ్న తరగతి గదిలో తరచుగా వస్తుంది. 'అభిమాని సీమోను' అన్నచో అర్థములో తప్పు లేదు గాని విన్నవారికి సినిమా తోచును. 'ఆసక్తిగల సీమోను' అన్నచో పాఠశాల నివేదికవలె చప్పబడును. 'మతాభిమాని' అన్నచో నేటి రాజకీయము తోడు వచ్చును. మేము 'రోషముగల సీమోను' అని చదువుట మేలని చెప్పుచున్నాము. నిర్గమకాండము 20:5లో దేవునికి, 1 రాజులు 19లో ఏలీయాకు మన బైబిలు ఇచ్చిన మాట అదే గనుక, చదువరి ఎవరి సహాయము లేకుండ ఆ మూడు చోట్లను కలుపుకొనగలడు. మత్తయి 10:4లోని 'కనానీయుడు'నకు కూడ అదే ఉంచవచ్చును. బల్ల మీద తెలుగు బైబిలు తప్ప మరేమియు లేని కాపరి కనీసము ఆ రెండు వచనముల ప్రక్కన పెన్సిలుతో ఈ మాట వ్రాసికొన్నచో, 'జెలోతే ఏ ఊరు' అని అడిగిన ముసలమ్మకు జవాబు దొరుకును.